పల్లెపాట వినడం నేర్చుకుందాం

హాస్టల్లో నాకో మిత్రుడుండేవాడు. రాత్రి పదకొండు దాటి లైట్లార్పిన తర్వాత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అమెరికా పల్లెపాటలు వినేవాడు. ఒక గిటారు, ఒక ముసలి గొంతు, అంతే. "ఎంత సహజంగా వుందిరా! గొంతు పగిలినచోట పగిలినట్టే వదిలేసినాడు చూడు!" అని పక్కమంచం వాణ్ణి నిద్రలేపి మరీ వినిపించేవాడు. అదే మిత్రుడు వేసవి సెలవులకు వూరికి పోతే, పక్కవూళ్ళో భారతం జరుగుతా వుంది రమ్మని వాళ్ళమ్మ పిలిచినా కదిలేవాడు కాదు. "ఆ గోల ఎవురు వింటారుమా? తెల్లార్లూ అరస్తా వుంటారు" అని మిద్దె మీదికెక్కి ముసుగుతన్ని పడుకునేవాడు.

ఆ మిత్రుణ్ణి దాచిపెట్టడమెందుకు? అది నేనే.

పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు వూరికే అనలేదు. అయితే నా విషయంలో చిత్రమేమిటంటే, ఆ పెరటిచెట్టు దగ్గరికి నన్ను చెయ్యిపట్టి తీసుకొచ్చింది ఏ సాంస్కృతిక ఉపన్యాసమూ కాదు. ఆ అమెరికా పాటే. అందుచేత ముందుగా ఆ పాట కథ నాలుగు ముక్కల్లో చెప్పి, తర్వాత మన పుంగనూరు, పలమనేరు పల్లెల్లోకి వస్తాను. పాఠకులు ఓపిక పట్టవలసిందిగా మనవి.

నేను విన్న ఆ ముసలి గొంతు జానీ క్యాష్‌ది. 1994లో వచ్చిన "అమెరికన్ రికార్డింగ్స్" అనే ఆల్బమ్ అది. అప్పటికాయనకు అరవైరెండేళ్ళు. ఒకప్పుడు దేశం దేశమంతా విన్న గాయకుడు. 1986లో కొలంబియా రికార్డు కంపెనీ ఆయన్ను వదులుకుంది. అట్లాంటి మనిషిని రిక్ రూబిన్ అనే నిర్మాత తన ఇంట్లో కూచోబెట్టి, గిటారు చేతికిచ్చి, నీకు తోచింది పాడమన్నాడు. వయొలిన్లు లేవు, కోరస్ లేదు. వయసు తెచ్చిన బొంగురు కూడా పాటలో భాగమైపోయింది.

అసలు కంట్రీ మ్యూజిక్ అంటేనే అక్కడి పల్లెపాట. 1927 జులై, ఆగస్టు నెలల్లో రాల్ఫ్ పియర్ అనే ఆయన విక్టర్ రికార్డు కంపెనీ కోసం బ్రిస్టల్ అనే వూళ్ళో ఒక టోపీల కంపెనీ భవనంలో తన యంత్రాలు దించాడు. టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు ఆ వూరి నడివీధిలోనే పోతుంది. సరిహద్దు వూరంటే ఏమిటో మన కుప్పం మిత్రులకు వేరే చెప్పాలా? ఆ కొండల్లోంచి దిగొచ్చి పాడిన వాళ్ళలో ఒకరు జిమ్మీ రోజర్స్, రైల్వే పని చేసిన మనిషి. మరొకరు కార్టర్ కుటుంబం: ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, ఆమెకు చెల్లెలి వరసయ్యే మేబెల్. ఆ కొద్దిరోజుల రికార్డుల మీదనే తర్వాతి కంట్రీ సంగీతమంతా నిలబడిందంటే అతిశయోక్తి కాదు.

ఆ కార్టర్ గారి గురించి ఒక సంగతి తప్పక చెప్పాలి. ఆయన కొండవూళ్ళు తిరిగి పాటలు పోగుచేసేవాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టును తీసుకుపోయేవాడు. మాటలు కార్టర్ కాగితం మీద రాసుకునేవాడు. బాణీ రిడిల్ తన తలలో దాచుకునేవాడు. ఇంటికొచ్చాక రిడిల్ ఆ బాణీని వాళ్ళకు నేర్పేవాడు. రికార్డు మీద పేరు మాత్రం కార్టర్‌ది. ఈ రెండు సంగతులూ, అంటే మాటను రాసుకోవచ్చు గాని బాణీకి ఒక మనిషి కావాలన్నదీ, ఆ మనిషి పేరు సాధారణంగా ఎవరికీ తెలియదన్నదీ మనసులో వుంచుకోండి. మళ్ళీ పని పడుతుంది.

తర్వాత ఏమైంది? పాటకు అంగడి పెరిగింది. నాష్‌విల్ నగరంలో 1925లో మొదలైన రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీ దానికి పెద్ద వేదిక అయింది. 1950ల చివరికి వచ్చేసరికి ఫిడేలు, బాంజోలు వెనక్కి జరిగి, వయొలిన్ల దండూ మెత్తటి కోరస్సూ ముందుకొచ్చాయి. పల్లెపాటకు కోటూ బూటూ తొడిగారన్నమాట. వాటిలోనూ మంచి పాటలున్నాయి, కాదనను. కాని కోటు లోపల వూపిరాడనివాళ్ళు కొందరు తిరగబడ్డారు. 1968లో గ్రామ్ పార్సన్స్ అనే కుర్రవాడు బర్డ్స్ అనే రాక్ బృందంలో చేరి వాళ్ళచేతనే కంట్రీ పాడించాడు. విల్లీ నెల్సన్ నాష్‌విల్ వదిలి టెక్సస్ వెళ్ళిపోయి 1975లో "రెడ్ హెడెడ్ స్ట్రేంజర్" చేశాడు. అందులో వాద్యాలు ఎంత తక్కువంటే కంపెనీవాళ్ళకది పూర్తికాని పనిలాగ తోచింది. 1990లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే చిన్నవూరి కుర్రవాళ్ళు ముగ్గురు, అంకుల్ టుపెలో అని పేరు పెట్టుకున్నవాళ్ళు, "నో డిప్రెషన్" అనే ఆల్బమ్ తెచ్చారు. ఆ పేరు ఎక్కడిది? 1936లో కార్టర్ కుటుంబం పాడిన పాటది! చెవులు చిల్లులుపడే ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య తాతలనాటి పాటను కూచోబెట్టారు. 1995లో అదే పేరుతో ఒక పత్రిక కూడా వెలిసింది. ఈ ధోరణికే ఆల్టర్నేటివ్ కంట్రీ అని పేరు: అంగడి పల్లెపాటకు ప్రత్యామ్నాయమైన పల్లెపాట.

కొత్తగా వినాలనుకునే మిత్రులకు నా సలహా: మొదట జానీ క్యాష్ 1994 ఆల్బమ్ వినండి. తర్వాత వెనక్కి, కార్టర్ కుటుంబం దగ్గరికి పొండి. ఆ రికార్డుల్లో వుండే గరగర శబ్దానికి భయపడవద్దు. నాలుగో పాటకు అది వినిపించడం మానేస్తుంది. అక్కడినుంచి గిలియన్ వెల్చ్ 1996లో చేసిన "రివైవల్" వినండి, లూసిండా విలియమ్స్ 1998 నాటి "కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్" వినండి. గులకరాళ్ళ బాట మీద బండిచక్రాలు అని ఆ పేరుకర్థం. పెద్దపంజాణి వైపు బస్సెక్కినవాడికి ఆ చప్పుడు కొత్తది కాదు.

నాకు తెలివొచ్చింది ఇక్కడే. బెల్‌విల్ కుర్రవాళ్ళు చేసిందేమిటి? తాతల పాటను అద్దాలబీరువాలో పెట్టి దణ్ణం పెట్టలేదు. "కాపాడుదాం, కాపాడుదాం" అని తీర్మానాలు చెయ్యలేదు. విన్నారు. నచ్చేదాకా విన్నారు. నచ్చింది గనక పాడారు. మరి నేను? ఏడు సముద్రాల అవతలి కొండవాళ్ళ పగిలిన గొంతులో అందం పట్టగలిగిన నా చెవికి, మా పక్కవూరి వేషగాడి పగిలిన గొంతు "గోల" ఎట్లా అయింది? అది చెవిలో వున్న లోపం కాదు, సిగ్గులో వున్న లోపం. వాళ్ళ పల్లె నాకు పటంలో కనిపించే పల్లె. మా పల్లె నేను చదువుకొని తప్పించుకోవాలనుకున్న పల్లె.

ఆ యేడు వేసవిలో అమ్మ పిలవకముందే భారతానికి పోయినాను.

మన పడమటి మండలాల సంగతి తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ద్రౌపదమ్మ గుడో, ధర్మరాజుల గుడో వున్న వూళ్ళలో మహాభారత ఉత్సవం పెడతారు. సాధారణంగా పద్ధెనిమిది రోజులు. కొన్నిచోట్ల ఇంకా జాస్తి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పగలు భాగవతార్ ఏ కథ చెప్పితే రాత్రి ఆ కథే ఆడతారు. బకాసుర వధ రోజు బండెడన్నం వీధుల్లో వూరేగుతుంది. అర్జున తపస్సు రోజు నిలువెత్తు తపస్సుమాను నాటి, అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క మెట్టే పైకెక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాగిలపడి, పైనుంచి ఆయన విసిరే నిమ్మపండు కోసం కొంగుపడతారు. చివరిరోజు పొద్దున మట్టితో చేసిన బ్రహ్మాండమైన దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడి పరుగు, దుర్యోధన వధ, సాయంత్రం నిప్పులగుండం. సరిహద్దు దాటితే ఇదే పండగ తమిళంలో, తెరుక్కూత్తుతో జరుగుతుంది. పాటకు చెక్‌పోస్టు లేదు.

నేను పోయిన రాత్రి అర్జునుడెక్కే కథ కాదు. కర్ణుడు పడే కథ. చెనిక్కాయలు, బొరుగులు కొనుక్కుని ఒక గోనెపట్టా మీద కూచున్నా. మొదటి గంట, నిజం చెప్పాలంటే, విసుగే. హార్మోనియం ఒక్కటే పనిగా కుయ్యిమంటుంది, తెరవెనకనుంచి ఎవరో పాడతారు, ఎంతకీ బైటికి రారు. జేబులో ఫోను బైటికి తీసినా, లోపలికి పెట్టినా. పక్కన కూచున్న ఒక అవ్వ నా అవస్థ గమనించి, "యాడికి పోతాడు నాయినా, వొస్తాడు. వొచ్చేదాకా ఇను. తెర ఎనక పాడేదే పాట, బైటికొచ్చినాక ఆట" అన్నది. నాకు ఏ పుస్తకమూ చెప్పని పాఠం అది.

ఆ రాత్రీ, ఆ తర్వాత మరికొన్ని రాత్రులూ కూచుని నేను నేర్చుకున్న వినికిడి ఇక్కడ రాస్తున్నాను. పండితుల మాట కాదు, ఒక సాదా శ్రోత మాట.

మొదటిది గొంతు. వీధినాటకం గొంతు మైకులు లేని కాలంలో తయారైన గొంతు. చివరి వరసలో చెట్టుకింద కూచున్నవాడికి కూడా మాట అందాలి. అందుకే అంత ఎత్తు శ్రుతి, అంత మొరటు. ఇప్పుడు మైకులొచ్చాయి గాని గొంతుకు నేర్పిన అలవాటు పాతదే. సినిమా పాట చెవి దగ్గరికొచ్చి రహస్యం చెబుతుంది. ఈ పాట మైదానానికి అవతలున్న మనిషిని పేరుపెట్టి పిలుస్తుంది. రెండింటినీ ఒకే కొలపాత్రతో కొలవడం తప్పు.

రెండోది వంత. వేషగాడు ఒక చరణం అనగానే వెనకనున్న బృందం దాన్ని అందుకుంటుంది. ఆ వ్యవధిలో అతను అడుగు వేస్తాడు, వూపిరి తీసుకుంటాడు. మొదటిసారి మాట పట్టుకోలేని శ్రోత రెండోసారికి పట్టుకుంటాడు. నాకు మొదట్లో చెప్పిందే చెప్పినట్టు తోచింది. అది తెలియనివాణ్ణి కూడా కథలోకి ఎక్కించుకునే మెట్టని తర్వాత తెలిసింది. మూడోది మద్దెల. దాన్ని తాళంగా మాత్రమే వినకండి. వేషగాడి కాలికీ మద్దెలగాడి చేతికీ మధ్య తెల్లార్లూ ఒక సంభాషణ నడుస్తుంది. ఒకసారి కాలు అడుగుతుంది, చెయ్యి జవాబిస్తుంది. ఒకసారి చెయ్యే కాలును రెచ్చగొడుతుంది.

నాలుగోది హాస్యగాడు. ద్వాపరయుగం మధ్యలో నిలబడి వాడు టమోటా ధర అడుగుతాడు. కురుసభలోకి మదనపల్లె మార్కెట్టునూ, రాని బస్సునూ, బిల్లు రాని పాలకేంద్రాన్నీ లాక్కొస్తాడు. జనం విరగబడి నవ్వుతారు. ఆ నవ్వు చల్లారకముందే ద్రౌపది వచ్చి నిలబడుతుంది, నవ్విన నోళ్ళు మూతపడతాయి. ఈ ఎత్తూ పల్లమూ పది నిమిషాల ప్రదర్శనలో రాదు. అందుకే అయిదోది కాలం. పల్లెపాట మన కోసం తొందరపడదు. రాత్రి రెండు గంటలప్పుడు, సగం పిలకాయలు నిద్రపోయి, వీధి లైటు చుట్టూ పురుగులు మూగినప్పుడు, అరవయ్యేళ్ళ కర్ణుడు తల్లిని చూసి పాడతాడు. ఆ గొంతులో నునుపు లేదు. గంట కిందట అది నాకు లోపంగా వినిపించింది. ఆ క్షణంలో నునుపు వుండి వుంటే అబద్ధంగా వినిపించేది. నా హాస్టల్ గదిలో జానీ క్యాష్ పాడినప్పుడు గుండెలో ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడే తగిలింది.

ఒకసారి చెవి తెరుచుకుంటే చుట్టూ ఎన్ని పాటలున్నాయో! సరిహద్దుకు అవతల చింతామణి దగ్గరి కైవారం నారాయణప్ప తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పిన తత్వాలు మన భజనగుళ్ళలో వినిపిస్తాయి. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మంగారి తత్వాలు సరేసరి. మదనపల్లెకు అంత దూరమేమీ కాని తరిగొండలో పుట్టిన వెంగమాంబ పద్ధెనిమిదో శతాబ్దంలో ఆడదై వుండి యక్షగానాలు రాసింది. చేతుల్లో గజ్జెల చెక్కలు పట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి ఒకే అడుగు వేసే చెక్కభజన దళాలున్నాయి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలోనూ మోగే పలకలున్నాయి. కొన్ని పాటలు మాత్రం పోయినాయి, ఇక రావు. కపిల తోలేటప్పుడు పాడిన పాట మోటారు పంపు రాగానే ఆగిపోయింది. పని పోయాక పనిపాటను బతికించమనడం న్యాయం కాదు. ఎద్దుల వెంట నడిచిన ఆ మనిషిని మళ్ళీ బావిగట్టు మీదికి పంపలేం గదా. కాని భారతానికి గుడి వుంది, చందాలెత్తే వూరుంది, ఆడేవాళ్ళున్నారు. లేనిదల్లా మనలాంటి చదువుకున్న శ్రోత.

"ఇంత ఆందోళన దేనికి? అన్నీ పుస్తకాల్లో వున్నాయి గదా, ఫోన్లో వీడియోలున్నాయి గదా" అని కొందరు మిత్రులంటారు. పుస్తకాల విలువ నాకు తెలుసు. బిరుదురాజు రామరాజుగారి వంటి వారి కృషి లేకుంటే జానపద గేయం విశ్వవిద్యాలయం గడప తొక్కేదే కాదు. మన కుప్పంలోనే 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం జానపద విజ్ఞానానికి చోటిచ్చింది. అయినా ఒక్క ఉదాహరణ ఆలోచించండి. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు. అంతకంటే గట్టి పుస్తకం ప్రపంచంలో వుంటుందా? జాజర, సువ్వి, గొబ్బి వంటి పల్లెవరసలను కూడా ఆయన పాటకట్టాడు. 1503లో ఆయన పోయిన తర్వాత ఎప్పటికో, ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాటలు అచ్చయ్యాయి. మాటలు వున్నాయి, రాగం పేరు వుంది, స్వరం లేదు. బాణీ పాడే గొంతుల వరస మధ్యలో తెగిపోయింది. ఈనాడు మనం వినే బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వారికి చేతులెత్తి నమస్కరించాలి. కాని అన్నమయ్య చెవిలో మోగిన జాజర ఏదో మనకు ఇక తెలియదు. మాటకు రాగిరేకు దొరికింది. బాణీని తలలో దాచుకునే రిడిల్ దొరకలేదు. వీడియో వున్నా అంతే. అది చూపిస్తుంది, దాన్ని వినగల చెవిని తయారుచెయ్యదు.

ఇంకొకరంటారు: "సినిమా వుంది గదా! పల్లెపాటను సినిమా ఎత్తుకుంటే లోకమంతా వింటుంది." నిజమే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య పేరు 2021లో సినిమా పాటతోనే తెలుగువాళ్ళందరికీ తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కాని 2024లో ఆయన కూలిపని చేస్తున్నాడన్న వార్త కూడా మనమే పేపర్లలో చదివాం. ఆ రెండేళ్ళలో మనలో ఎంతమంది ఆయన కథాగానం ఒక్క గంటసేపు కూచుని విన్నాం? సినిమా పరిచయం చేస్తుంది, తప్పులేదు. పరిచయమైన మనిషింటికి పోయేది మాత్రం మనమే గదా.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మా క్లాసులోని ఒక మిత్రుడిది. "మీకు పాట అందంగానే వుంటుందబ్బా. మా నాయిన పలక కొట్టకుంటే అమ్మవారు కదలదు. అమ్మవారు గుళ్ళోకి పోయినాక మా నాయిన మాత్రం బైటే. ఆ పలకను నేనెందుకు ప్రేమించాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అమెరికా పాటలోనూ ఇదే వుంది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వాద్యం. తర్వాత అది తెల్లవాళ్ళ పల్లెపాటకు గుర్తయింది. రిడిల్ పేరు రికార్డు మీదికెక్కలేదు. కాబట్టి పల్లెపాటను ఇష్టపడటమంటే పల్లెలో వున్నదంతా ఇష్టపడటం కాదు. ఆ మిత్రుడికి నేనేమీ ఉపదేశం చెయ్యను. పలక ముట్టుకోవాలో వద్దో అతనిష్టం. చెప్పవలసింది మనలాంటి మిగతావాళ్ళకే: వాద్యాన్ని మెచ్చుకునే ముందు దాన్ని వాయించే మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ భోంచేశాడో, ఎంత చేతికందిందో చూడండి. అది చూడని రసికత రసికత కాదు.

చూడనందువల్ల ఏమవుతుందో కళ్ళారా చూశాను. కొన్నాళ్ళ కిందట ఒక కాలేజీ వార్షికోత్సవానికి వీధినాటక బృందాన్ని పిలిచారు. ఏ కాలేజీ అని అడగవద్దు. ఎక్కడైనా జరిగే సంగతే. "మన సంస్కృతి" అని బ్యానరు కట్టారు. సాయంత్రం నాలుగు నుంచి వాళ్ళు ముఖాలకు రంగేసుకుని, కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుని సైకిల్ స్టాండు పక్కన కాచుకున్నారు. ఉపన్యాసాలైనాయి, బహుమతులైనాయి. రాత్రి తొమ్మిదిన్నరకు పిలిచి పదిహేను నిమిషాలన్నారు. తెర పట్టినారు, తెర వెనక పాట మొదలైంది. పదో నిమిషానికి "డీజే, డీజే" అని కేకలు. మైకు ఆగిపోయింది. ఎవరో వచ్చి శాలువ కప్పి ఫోటో తీసుకున్నారు. వేషం విప్పుకుంటూ పెద్దాయన, కోపంగా కూడా కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు అడిగినాడు: "ఇంకా అర్జునుడు బైటికే రాలేదు గదా నాయినా?"

ఆ వెనక వరసల్లో కూచున్నవాళ్ళలో నేనూ వున్నాను. నేను కేక వెయ్యలేదు. కాని లేచి "ఆపండిరా" అనీ అనలేదు.

ఈ సందర్భంలో మన ప్రాంతపు ఒక పాతమాట గుర్తుచేస్తాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చారు. అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు కూడినచోట తన బెంగాలీ పాట ఒకటి పాడారు. భాష రాకపోయినా విన్నవాళ్ళు గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి రాశారు; ఠాగూరు అక్కడే ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చారు. ఆ పాటే "జనగణమన". దాని బాణీ నిలవడంలో మన మదనపల్లె విద్యార్థుల చెవికి కూడా ఒక చిన్న వాటా వుందని నేను గర్వంగా అనుకుంటాను. ఆ రోజు వాళ్ళు "పది నిమిషాలు చాలు సార్" అనలేదు. కూచున్నారు, విన్నారు, అందుకున్నారు. కాలేజీ అనేది చెయ్యగలిగిన పని అది.

అందుచేత మన విద్యార్థి సంఘానికి ఒక సూచన చేస్తున్నాను. తీర్మానం కాదు, సూచన. వచ్చే వార్షికోత్సవంలో ఆర్కెస్ట్రాకు, డీజేకు కేటాయించే డబ్బులో సగం తీసి, ఒక వీధినాటక బృందాన్ని ఒక పూర్తి రాత్రికి పిలుద్దాం. వార్షికోత్సవం రోజు కాదు. దానికి ముందురోజో, తర్వాతిరోజో, వేరేగా. ఉపన్యాసాలు వద్దు, శాలువలు వద్దు. అడిగిన డబ్బు బేరమాడకుండా ముందే చేతికిద్దాం. రంగేసుకోవడానికి సైకిల్ స్టాండు కాదు, ఒక గది ఇద్దాం. మనం తినే మెస్సులోనే, మన వరసలోనే వాళ్ళకు భోజనం పెడదాం. అధ్యాపకులు కుటుంబాలతో వచ్చి కూచుంటే విద్యార్థినులు కూడా తెల్లార్లూ నిశ్చింతగా కూచోగలుగుతారు. మన వూళ్ళ భారతంలో ముందు చాపలు ఆడవాళ్ళవే గదా. కథ తెలిసిన అవ్వలను, తాతలను నలుగురిని పిలిచి మన మధ్య కూచోబెట్టుకుందాం. రానివాళ్ళు రావద్దు. వచ్చి నిద్రపోయేవాళ్ళు నిద్రపోవచ్చు. భారతంలో అది తప్పు కాదు. లేవగానే కథ ఎంతదాకా వచ్చిందని పక్కవాణ్ణి అడిగితే చాలు.

ఇంగ్లీషు పాటలు మానెయ్యమనీ, సినిమా పాటలు వినవద్దనీ నేనెప్పుడూ అనను. నా చెవుల్లో ఇప్పటికీ జానీ క్యాష్ పాడుతూనే వున్నాడు. ఇయర్‌ఫోన్లో ఆయన్ను వినే మిత్రులకు మాత్రం ఒక మాట: అది మీకు నచ్చిందంటే మీ చెవి మంచిదే. ఆ మంచి చెవినే ఈ వేసవిలో ఒక్క రాత్రి పుంగనూరుకూ పలమనేరుకూ మధ్య ఏ గుడి ముందరికైనా తీసుకురండి. పెద్దపంజాణిలో బస్సు దిగితే ఏ వూళ్ళో భారతమో ఎవరైనా చెబుతారు. కప్పుకోవడానికి దుప్పటి తెచ్చుకోండి. వేసవైనా తెల్లవారుజామున చలేస్తుంది. చెనిక్కాయలు నేను కొనిపెడతా.

మొదటి గంట విసుగ్గానే వుంటుంది, ముందే చెబుతున్నా. లేచిపోవద్దు. అర్జునుడు బైటికి వచ్చేదాకా కూచోండి.